కారు పూత – దాని మెఱుగు

సత్తుపల్లి వాకిళ్లలో క్రొత్త కారు నేడు వింత కాదు. దాని రంగును కాపాడదలచినవారికి ఆ రంగు పూర్వకథ కొంత తెలిసియుండుట మేలు.

తొలినాళ్ల కార్లకు గుఱ్ఱపుబగ్గీలకు వలెనే నూనెవార్నీషును పూతమీద పూతగా పూసెడివారు. అది ఆఱుటకు వారములు పట్టెడిది. 1923లో అమెరికాలో ఓక్లండ్ కార్లకు డ్యూకో అను పూత వచ్చెను. ప్రత్తినారను ఆమ్లములతో మార్చి చేసిన యీ పూత త్వరలో ఆఱెడిది. మన నిర్మల చిత్రకారులును తరువాత డ్యూకో రంగులను చేపట్టిరి. అయితే ఎండకు దాని కాంతి మాసెడిది. కావుననే పాతకాలపు డ్రైవర్లు గరుకుపాలిషుతో రుద్ది, మాసిన పైపొరను తీసి, మెఱుగు తెచ్చెడివారు. ఆ పూతకు అది యుక్తమే.

1980వ దశాబ్దమున రంగుమీద పారదర్శకమగు పొర వేయు పద్ధతి వ్యాపించెను. ఎండను అడ్డునది ఈ పొరయే. తలవెండ్రుకంత మందమైనను ఉండదు! పాత అలవాటున మాటిమాటికి గరుకుముద్దతో రుద్దినచో కవచమే అరిగిపోవును. పెద్దలు తాము చూచినదానినే పిల్లలకు చెప్పుచున్నారు. చిక్కంతయు నచటనే యున్నది.

మన ప్రాంతమున సింగరేణి ఉపరితల బొగ్గుగనుల దుమ్ము కూడ కలదు. పొడిగుడ్డతో తుడిచిన ఆ నలుసులే ఆకురాయి వలె గీతలు పెట్టును. బండిని నీడను నిలిపి, ముందు ధారాళముగా నీరు పోసి, పిదప కారుసబ్బుతో పైనుండి క్రిందికి కడిగి, మెత్తని గుడ్డతో తడి అద్దవలెను. పక్షిరెట్టను నానబెట్టి నాడే తీయవలెను. ఆఱిన పిమ్మట మైనము పలుచగా పూసిన చాలును; బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి తీయు మైనము ఇందుకు పేరుగన్నది. నీరు పూసలుగా నిలువక పరచుకొనినప్పుడు మరల పూయవచ్చును.