జపాను వీరగాథలలో సిలువ

చేతులను అడ్డముగా నిలిపి కిరణమును ప్రయోగించు జపాను మహావీరుడు అల్ట్రామాన్‌యందు సిలువను వెదకువారు కొందఱు గలరు. అది నాకు సమ్మతము గాదు, అడ్డగీతలన్నియు సిలువలగునా? కాని 1972లో టెలివిజనున ప్రదర్శింపబడిన ‘అల్ట్రామాన్ ఏస్’ సంగతి వేఱు.

అందు నలుగురు అగ్రజులు తమ శక్తిని తమ్మునకు ధారవోసి, వానిని భూలోకరక్షణకై పంపి, తాము శత్రువుచే సిలువల వేయబడిరి. ఆ గ్రహము పేరు గొల్గొతా; భూమిపై విజృంభించిన మృగము పేరు బరబ్బ. యేసు మరణించిన కపాలస్థలము గొల్గొతా. ఆయనకు మాఱుగా విడువబడిన ఖైదీ బరబ్బ. ఈ రెండుపేర్లు కాకతాళీయముగా గూడునా? రచయిత ఇచికావా షిన్‌ఇచి క్రైస్తవుడు. 1954లో గాడ్జిల్లా చిత్రమునకు మాయాదృశ్యములు కల్పించి, పిమ్మట అల్ట్రామాన్‌ను సృజించిన త్సుబురాయా ఎయిజియు క్రైస్తవుడే. అయితే ఆయన 1970లోనే గతించెను.

సిలువ జపానునకు క్రొత్తది గాదు. 1597లో నాగసాకియందు హిదెయోషి యాజ్ఞచే 26గురు క్రైస్తవులు సిలువలపై వధింపబడిరి. 1614లో దేశమంతట మతము నిషిద్ధమాయెను. అనుమానితులచే యేసు ప్రతిమను కాలితో త్రొక్కించి పరీక్షించెడివారు. నిషేధపు పలకలు 1873లోగాని తొలగలేదు. అవి తొలగిన తొంబదితొమ్మిదవ యేట, బాలుర వినోదకథలో, గొల్గొతాపై నాలుగు సిలువలు బాహాటముగా నిలిచినవి.