కోడె బలం తల్లి దగ్గరే

మరిపెడ చుట్టుపక్కల తండాల గతం గురించి ఎవరు రాసినా ఎద్దు పేరే ముందుకొస్తుంది. లంబాడీల లదేణి అంటే ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగిన వ్యాపారం. 1803లో మరాఠాల మీదికి వెళ్లిన ఆర్థర్ వెల్లెస్లీ సైన్యానికి తిండిగింజలు చేర్చింది ఈ బంజారా బిడారులే. 1819లో జాన్ బ్రిగ్స్ వీళ్ల పుట్టుపూర్వోత్తరాల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం అచ్చువేయించాడు. 1889 నాటికి నిజాం రైలు డోర్నకల్ మీదుగా బెజవాడ చేరింది. లదేణికి కాలం చెల్లి, తండాలు సేద్యానికీ పశువుల పెంపకానికీ మళ్లాయి. ఇంత కథలోనూ ఆవు ఊసే లేదు. ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. ఎద్దు ఎంత మోయగలదన్నది చాలావరకు దాని తల్లి ఒడ్డూ పొడుగూ, పొదుగూ చూస్తేనే తెలిసిపోయేది.

మంచి ఆంబోతు ఉంటే చాలదా అంటారు. రక్తంలో తండ్రి వాటా సగం ఉన్నమాట నిజమే. కానీ గర్భం, పాలు తల్లివే. 1938లో కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు భారీ షైర్ జాతి గుర్రాలనూ పొట్టి షెట్లాండ్ గుర్రాలనూ రెండు వైపులా కలిపి చూసిన ఫలితాలు ప్రచురించారు. ఏ తల్లికి పుట్టినా పిల్లలో రెండు జాతులూ సగం సగమే. అయినా షైర్ తల్లి కన్న పిల్ల, షెట్లాండ్ తల్లి కన్నదానికి మూడింతల బరువు తూగింది. పెరిగాక కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. దూడ సంగతికొస్తే, పుట్టిన తొలి వారాల్లో దాని పెద్దపొట్ట ఇంకా గడ్డిని అరిగించుకునే స్థితికి రాదు, పాలే దానికి ఆధారం. అందుకే పొదుగు తీరు అంత ముఖ్యం. పొదుగు బాగా కిందికి జారి, చన్నులు లావుగా ఉబ్బి ఉంటే, అప్పుడే లేచి నిలబడ్డ లేగ వాటిని నోటికి అందుకోలేక తల్లి కాళ్ల మధ్య తడుముకుంటూనే ఉంటుంది. ముర్రుపాలలోని రోగరక్షణ దూడ పేగుల్లోంచి ఒంటికి పట్టేది మొదటి రోజే. ఆ రోజు జారితే ఆంబోతు ఎంత గొప్పదైనా చేయగలిగింది లేదు.

మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మాంసపు పశువుగా స్థిరపడిన తీరు కూడా ఇదే చెబుతుంది. 1960ల మొదట్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతో వెళ్లిన ఆంబోతు అక్కడ చరిత్రకెక్కింది. ఆ పేరు తలచుకుని మనమూ గర్వపడతాం. అయితే అక్కడి పెంపకందార్లు మెచ్చుకునే గుణాల్లో చాలా భాగం ఆవువే: కష్టం లేని ఈత, లేగ నోటికి ఇట్టే అందే చిన్న చన్నులు, దూడను విడవకుండా కాచుకోవడం. మనిషి సాయం అందని ఆ విశాలమైన బీళ్లలో దూడ బతికి పెరగడానికి ఇవే దిక్కు.

అలాగైతే ఎంత పెద్ద ఆవు అయితే అంత మేలా? కాదు. పెద్ద ఒంటికి ముందు తన మేతే ఎక్కువ కావాలి. వేసవిలో బీడు ఎండిపోయినప్పుడు అది చిక్కిపోయి ఎదకు రాదు, ఈత ఏడాది వెనక్కి పోతుంది. మరిపెడ లాంటి మెట్టప్రాంతానికి, అందే మేతతో ఏటేటా ఈనగల మధ్యస్థపు ఆవే సరిపోతుంది. మేతే లేనిచోట ఆకారం ఎంచి ఏం లాభమన్న ప్రశ్న మాత్రం బరువైనది. మంచి మేత గేదెకు దక్కుతోందని, ఎద్దుల్ని కనే ఆవును బీడుకు వదిలేస్తున్నారని 1928లోనే రాయల్ వ్యవసాయ కమిషన్ ఎత్తిచూపింది. నాకు ఇది ఎదురువాదనలా కాదు, నేను చెప్పేదానికి రుజువులా తోస్తుంది. తల్లిని లెక్కలోకి తీసుకోలేదు గనకే మేతలోనూ ఆమె వంతు కోశారు.

ఇప్పటికీ కృత్రిమ గర్భధారణ సూది వేయించేటప్పుడు ఆంబోతు జాతి ఏమిటని అడుగుతాం, ఆవు పొదుగు వైపు చూడం. పశువు చెవికి 12 అంకెల ట్యాగు వేస్తున్న ఈ రోజుల్లో దూడ మూడో నెల బరువును తల్లి నంబరు పక్కన రాసిపెట్టుకోవడం కష్టమేమీ కాదు. నాలుగైదు ఈతల లెక్క చేతికొస్తే, మందలో ఏ ఆవు పెయ్యను ఉంచుకోవాలో తండాలోనే తేల్చుకోవచ్చు.