పెరియార్ ఒడంబడిక: రాసుకున్నవి, రాసుకోనివి

తెలుగు రాజుల ఊరుగా పేరుపడ్డ రాజపాళయానికి దగ్గరలోని శివగిరి కొండల్లో పెరియార్ నది పుడుతుంది. అక్కడి నుంచి ఉత్తరానికి పారి, ఆపై పడమటికి తిరిగి అరేబియా సముద్రంలో కలుస్తుంది. కొండలకు తూర్పునున్న మదురై, రామనాథపురం సీమలకు మాత్రం వాన తక్కువ, కరువు ఎక్కువ. ఆ నదికి అడ్డుకట్ట వేసి నీటిని తూర్పుకు మళ్లించాలన్న ఆలోచన 1789లోనే రామనాథపురం సంస్థానంలో పుట్టింది, ఖర్చుకు భయపడి ఆగింది. 1808లో కొండలెక్కి చూసిన కాల్డ్‌వెల్ అనే అధికారి ఇది జరిగే పని కాదని తేల్చేశాడు.

పని ముందుకు సాగింది ఏం కావాలో కచ్చితంగా తేలాకనే. 1882లో ఈ బాధ్యత తీసుకున్న ఇంజనీరు జాన్ పెన్నీక్విక్ రూపకల్పనలో నీరు ఏ ఎత్తున నిలవాలో, కొండను తొలిచిన సొరంగం గుండా తూర్పు వైపున్న వైగై నది లోయలోకి ఎలా దిగాలో స్పష్టంగా ఉంది. అయితే ఆనకట్ట కట్టాల్సిన చోటు తిరువాన్కూరు సంస్థానానిది. అందుకే పునాది తవ్వే ముందు కాగితం మీద ఒప్పందం కుదరాల్సి వచ్చింది.

1886 అక్టోబర్ 29న మద్రాసు ప్రభుత్వం తరఫున తిరువాన్కూరులోని బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) హానింగ్టన్, తిరువాన్కూరు తరఫున దివాన్ రామయ్యంగార్ ఆ ఒడంబడికపై సంతకాలు చేశారు. నది అడుగు నుంచి 155 అడుగుల ఎత్తు గీత లోపలి భూమి, సుమారు 8,000 ఎకరాలు, 999 ఏళ్లకు కౌలుకు ఇచ్చారు. పనులకు మరో 100 ఎకరాలు. కౌలు ఎకరాకు ఏడాదికి 5 రూపాయలు. తగాదా వస్తే ఇరువైపులా ఒక్కో మధ్యవర్తి, వారికి కుదరకపోతే పైన ఒక తీర్పరి. కొలతల విషయంలో ఇంత శ్రద్ధగా రాసిన దస్తావేజు ఆ కాలానికి మెచ్చదగినదే. 1887లో పని మొదలై, అడవి జ్వరాలనూ వరదలనూ తట్టుకుని సున్నం, సుర్ఖీ (ఇటుక పొడి) కాంక్రీటుతో లేచిన ఆనకట్ట 1895 అక్టోబర్‌లో ప్రారంభమైంది.

లోపం కొలతల్లో కాదు, ప్రయోజనాన్ని చెప్పిన తీరులో ఉంది. ఒప్పందం సేద్యపు పనుల గురించే మాట్లాడింది. కొన్ని దశాబ్దాలకు అదే నీటితో విద్యుత్తు తీయాలని మద్రాసు కోరితే తిరువాన్కూరు అడ్డుచెప్పింది. ఇద్దరు మధ్యవర్తులు ఏకాభిప్రాయానికి రాలేదు. తీర్పరి నళినీ రంజన్ ఛటర్జీ 1941 మే 12న తిరువాన్కూరు వాదనే సరైనదన్నాడు: నీరు సేద్యానికే. కౌలు మొత్తాన్ని కాలానుగుణంగా సవరించే ఏర్పాటూ లేదు. అన్ని వందల ఏళ్లకు ఒకే ధర కట్టడం దూరదృష్టి కాదు. 1970 మే 29న, తిరువాన్కూరు, మద్రాసుల స్థానంలో వచ్చిన కేరళ, తమిళనాడు చేసుకున్న అనుబంధ ఒప్పందంతోనే కౌలు ఎకరాకు 30 రూపాయలైంది, విద్యుదుత్పత్తికి అనుమతి, దానికి విడిగా రుసుము వచ్చాయి. చేపలు పట్టే హక్కు కేరళకు దక్కింది.

ఆనకట్ట పాతబడ్డాక నీరు ఏ మట్టం దాకా నిలపవచ్చన్నది మూడో తగవు. ఆనకట్ట తెగుతుందేమోనని కేరళ భయపడటంతో 1979లో మట్టాన్ని 136 అడుగులకు దించారు. 2006లో సుప్రీంకోర్టు 142 అడుగులకు అనుమతించింది, కేరళ దాన్ని అడ్డుకుంటూ చట్టం చేసింది. 2014 మే 7న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసి, 142 అడుగులనే ఖాయం చేసి, ఆనకట్ట భద్రత చూసేందుకు ముగ్గురు సభ్యుల పర్యవేక్షక సంఘాన్ని నియమించింది.