జట్టు ఊరిది, పగ్గం ఒకరిది

వందేళ్లు దాటిన సంస్థ గురించి రాసేటప్పుడు పొగడ్తల కోసం వెతుక్కోనక్కర్లేదు. గ్రీన్ బే ప్యాకర్స్ విషయంలో అవి కుప్పలుగా దొరుకుతాయి. గ్రీన్ బే అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లక్షా ఏడు వేల జనాభా ఉన్న ఊరు. ఆ దేశంలో డబ్బు అత్యధికంగా పారే ఆట అమెరికన్ ఫుట్‌బాల్. దాని జాతీయ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లలో ఇంత చిన్న ఊరి జట్టు ఇంకొకటి లేదు. అయినా 1919 ఆగస్టు 11న పుట్టిన ఈ జట్టు 13 సార్లు విజేతగా నిలిచింది. రెండో స్థానంలో ఉన్న చికాగో బేర్స్ గెలిచినవి 9. ఇదెలా సాధ్యమైందని అడిగితే తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: ఈ జట్టుకు కోటీశ్వరుడైన యజమాని లేడు, జనమే యజమానులు, అందుకే గెలిచింది అని. ఇందులో సగమే నిజం. జనం సొత్తు కావడం వల్ల జట్టు ఊళ్లో నిలిచింది. గెలిచింది మాత్రం, ఆ జనం తరఫున కూర్చున్న కమిటీ సమర్థుడైన ఒకరిని ఎంచుకుని, పగ్గాలు అతని చేతికిచ్చి, తాను పక్కకు తప్పుకున్న కాలాల్లో. నిలవడానికి ఒక గుణం కావాలి, గెలవడానికి ఇంకో గుణం కావాలి. ఈ జట్టు చరిత్ర అంతా ఆ రెండింటినీ ఒకే గూటిలో ఇమిడ్చే ప్రయత్నమే.

పుట్టుక చాలా సాదాసీదాగా జరిగింది. కర్లీ లాంబో అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు మాంసం ప్యాక్ చేసే ఇండియన్ ప్యాకింగ్ కంపెనీలో గుమాస్తా. స్థానిక పత్రిక ప్రెస్ గెజిట్ క్రీడా సంపాదకుడు జార్జ్ కాల్హూన్‌తో కలిసి జట్టు కట్టాడు. యూనిఫారాల కోసం కంపెనీ 500 డాలర్లిచ్చింది, జట్టుకు ప్యాకర్స్ పేరు అలా వచ్చింది. మొదట్లో మైదానం చుట్టూ కంచె కూడా లేదు, కాల్హూన్ టోపీ పట్టుకుని జనం మధ్య తిరిగి చందా పోగుచేసేవాడు. 1921లో జాతీయ లీగ్‌లో చేరారు. కాలేజీ ఆటగాళ్లను దొంగచాటుగా ఆడించారని ఆ సీజన్ ముగిశాక సభ్యత్వం పోయింది. 1922లో లాంబో దాన్ని తిరిగి సంపాదించాడు. ఆ ఏడాది వానలు జట్టును ముంచాయి. వానకు బీమా తీసుకున్నారు కానీ, ఒక ఆట రోజున కురిసిన వాన పాలసీలో రాసిన కొలతకు అంగుళంలో నూరో వంతు తక్కువైందని కంపెనీ పరిహారం ఇవ్వలేదు. అప్పుడు ప్రెస్ గెజిట్ వ్యాపార బాధ్యతలు చూసే ఆండ్రూ టర్న్‌బుల్ ఊళ్లోని వర్తకులను కూడగట్టాడు. 1923లో ఒక్కొక్కటి 5 డాలర్ల చొప్పున వెయ్యి షేర్లు అమ్మి, లాభాపేక్ష లేని సంస్థగా జట్టును నమోదు చేశారు.

ఆ తర్వాత చేయి చాచాల్సి వచ్చిన ప్రతిసారీ ఇదే దారి తొక్కారు. 1931లో గ్యాలరీ నుంచి పడిపోయిన ప్రేక్షకుడు కోర్టుకెక్కి సుమారు 5,000 డాలర్ల తీర్పు తెచ్చుకున్నాడు. బీమా కంపెనీ అప్పటికే దివాలా తీసింది, జట్టు 1933లో కోర్టు నియమించిన రిసీవర్ చేతిలోకి వెళ్లింది. 1935లో ఊరివాళ్లు షేర్లు కొని 15,000 డాలర్లు సమకూర్చి విడిపించుకున్నారు. 1950లో జట్టు మళ్లీ దివాలా అంచుకు చేరితే 25 డాలర్ల షేర్లతో లక్షా 18 వేల దాకా వచ్చాయి. 1997లో 2 కోట్ల 40 లక్షలు, 2011లోనూ 2021లోనూ 6 కోట్లకు పైగా సమకూరాయి. మొదటి మూడు అమ్మకాలు ప్రాణం నిలుపుకోవడానికి, చివరి మూడు స్టేడియం కోసం. నేడు వాటాదారుల సంఖ్య 5 లక్షల 38 వేలు దాటింది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఈ షేరు షేరే కాదని, గోడకు తగిలించుకునే కాగితమని ఎగతాళి చేసేవాళ్లున్నారు. వాళ్లు చెప్పే వివరాలన్నీ నిజమే. దీనిపై డివిడెండ్ రాదు. ధర పెరగదు. బయటివాళ్లకు అమ్ముకునే వీల్లేదు, కుటుంబంలో బదిలీ చేసుకోవచ్చు. ఆట టికెట్ దొరకడంలో కూడా దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఊరి గుడికిచ్చిన చందాకు రశీదు వచ్చినట్టే ఇది కూడా అనిపిస్తుంది. కానీ చందాదారుడికి లేనిది, వాటాదారుడికి ఉన్నది ఒకటుంది: డైరెక్టర్లను ఎన్నుకునే ఓటు. అంతకంటే ముఖ్యం, సంస్థ నిబంధనావళి. ఒక్కరి చేతిలో ఎక్కువ షేర్లు పోగుపడకుండా పరిమితి పెట్టారు. ఎప్పుడైనా జట్టును అమ్మినా, మూసేసినా వచ్చే డబ్బులో వాటాదారుకు పైసా దక్కదు. అది మొదట్లో స్థానిక మాజీ సైనికుల సంఘానికి చెందాలని రాసుకున్నారు, 1997 నుంచి జట్టు తాలూకు ధార్మిక నిధికి మార్చారు. అంటే జట్టును అమ్మితే బాగుపడేవాడు ఎవడూ లేకుండా చేశారు. ఈ కాగితం బలం అక్కడుంది. లాభం తెచ్చిపెట్టని షేరు కాబట్టే జట్టు అంగట్లో సరుకు కాలేదు.

ఈ ఏర్పాటు ఎంత విలువైనదో తక్కినవాళ్ల గతి చూస్తే తెలుస్తుంది. 1920లలో ఈ లీగ్ నిండా చిన్న ఊళ్లే. కాంటన్, ఏక్రన్, రాక్ ఐలండ్, డులూత్, పాట్స్‌విల్ జట్లు ఒకప్పుడు ప్యాకర్స్‌తో సమానంగా ఆడినవే. అవేవీ నిలవలేదు. ఒహాయోలోని పోర్ట్స్‌మత్ జట్టు 1934లో డెట్రాయిట్‌కు అమ్ముడుపోయింది. చిన్న ఊళ్లే కాదు, పెద్ద నగరాలూ ఈ బాధ పడ్డాయి. 1984లో బాల్టిమోర్ జట్టును యజమాని ఇండియానాపోలిస్‌కు తరలించాడు. 1996లో క్లీవ్‌లండ్ జట్టు బాల్టిమోర్‌కు పోయింది. ఓక్లండ్ తన జట్టును రెండుసార్లు పోగొట్టుకుంది. ఆ ఊళ్లలో అభిమానం తక్కువై కాదు, తరలించే అధికారం ఒక్కడి చేతిలో ఉండడం వల్ల. గ్రీన్ బేకు కూడా రాజీలు తప్పలేదు. గేటు వసూళ్ల కోసం 1933 నుంచి 1994 దాకా ప్రతి సీజన్‌లో కొన్ని ఆటలు మిల్వాకీలో ఆడారు. అయితే మకాం మారలేదు. నేటి లీగ్ నిబంధనల కింద ఇలాంటి జట్టు కొత్తగా పుట్టే వీల్లేదు, ప్రతి జట్టుకూ గణనీయమైన వాటా ఉన్న ప్రధాన యజమాని ఒకరు ఉండాల్సిందే. పాతది కనుక ప్యాకర్స్‌కు మినహాయింపు దక్కింది.

నిలవడం సంగతి ఇది. గెలవడం సంగతి వేరు. 1923లో ఊరు కొన్నాక, 1929, 1930, 1931లో వరుసగా మూడుసార్లు లాంబో జట్టు అగ్రస్థానంలో నిలిచింది. ఫైనల్ ఆట ఇంకా మొదలుకాని ఆ రోజుల్లో పట్టికలో పైన ఉన్నవాళ్లే విజేతలు. 1935లో వచ్చిన డాన్ హట్సన్, బంతిని గాల్లో విసిరి అందుకునే ఆటకు కొత్త రూపమిచ్చాడు. అతనుండగా 1936, 1939, 1944లో మరో మూడు గెలిచారు. ఆ కాలమంతా కోచ్ లాంబోనే, ఆటగాళ్లను తెచ్చుకునేదీ అతనే. 1940ల చివరికి అతని ఖర్చులపై కమిటీకి అనుమానాలు, కమిటీ జోక్యంపై అతనికి చిరాకు పెరిగాయి. 1949లో 12 ఆటల్లో రెండే గెలిచారు. 1950 ఆరంభంలో అతను వెళ్లిపోయాడు. ఆ తర్వాతి తొమ్మిది సీజన్లలో ముగ్గురు కోచ్‌లు మారారు, ఒక్క సీజన్‌లోనూ ఓటములను మించిన గెలుపులు లేవు. 1958లో 12 ఆటల్లో గెలిచింది ఒక్కటే. అప్పుడూ షేర్లు అవే, వాటాదారులూ వాళ్లే. 1956లో కొత్త స్టేడియానికి 9,60,000 డాలర్ల బాండ్లపై ఓటింగ్ పెడితే ఊరు రెండింతలకు మించిన మెజారిటీతో ఔనంది. బేర్స్ అధిపతి జార్జ్ హలాస్ స్వయంగా వచ్చి, ప్రత్యర్థి ఊరి తరఫున ప్రచారం చేసి వెళ్లాడు. ఊరి ప్రేమలో లోటు లేదు, లోటు నిర్వహణలో ఉంది. ఎవరిని ఆడించాలో, ఎందుకు ఓడామో కోచ్‌ను పిలిచి అడిగే కమిటీ ఉన్నచోట కోచ్ మాటకు విలువ ఎక్కడిది?

1959లో న్యూయార్క్ జెయింట్స్ సహాయ కోచ్ విన్స్ లొంబార్డీని తెచ్చినప్పుడు కోచ్, జనరల్ మేనేజర్ పదవులు రెండూ అతనికే అప్పగించారు. బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్‌తో సహా అతను నమ్ముకున్న కీలక ఆటగాళ్లలో చాలామంది ఒక్క ఆట గెలిచిన జట్టులో ఉన్నవాళ్లే. మొదటి ఏడాది 7 గెలుపులు, 5 ఓటములు. రెండో ఏడాది ఫైనల్లో ఫిలడెల్ఫియా చేతిలో ఓటమి. 1961లో జెయింట్స్‌ను 37–0తో చిత్తుచేసి విజేతలయ్యారు. తర్వాత 1962, 1965, 1966, 1967లోనూ గెలిచారు. 1967 డిసెంబర్ 31న గ్రీన్ బేలో మైనస్ 25 డిగ్రీల చలిలో డాలస్‌ను 21–17తో ఓడించిన ఆట ‘ఐస్ బౌల్’గా చరిత్రకెక్కింది. ఆఖరి క్షణాల్లో స్టార్ తానే బంతితో గీత దాటాడు. ఇప్పుడు విజేతను తేల్చే ఆఖరి ఆట సూపర్ బౌల్; అందులో మొదటి రెండూ ప్యాకర్స్‌వే. నేడు విజేతకిచ్చే ట్రోఫీ పేరు లొంబార్డీ ట్రోఫీ.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది. యాజమాన్యం, పగ్గాలు అన్నవి కథలని, చిన్న ఊరిని కాపాడింది టెలివిజన్ డబ్బేనని అంటారు. జట్లన్నీ టీవీ హక్కులను ఉమ్మడిగా అమ్ముకునేలా లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ 1961లో చట్టం తెప్పించాడు. 1962 నుంచి టీవీ సంస్థ సీబీఎస్ ఏడాదికిచ్చే 46 లక్షల 50 వేల డాలర్లను 14 జట్లు సమానంగా పంచుకున్నాయి. న్యూయార్క్, చికాగో యజమానులు తమ పెద్ద వాటాను వదులుకున్నారు. నేడు ఆ ఉమ్మడి ఆదాయం ఒక్కో జట్టుకు ఏటా 40 కోట్ల డాలర్లు దాటుతోంది. ఇది లేకపోతే ప్యాకర్స్ నేటి జీతాలు భరించలేరన్నది కాదనలేం. కానీ తేదీలు చూడాలి. ఆ పంపకం మొదలయ్యే నాటికి జట్టుకు 42 ఏళ్లు, 7 కిరీటాలు. లొంబార్డీ తొలి విజయం కూడా అంతకు ముందు ఏడాదిదే. బాల్టిమోర్, క్లీవ్‌లండ్, ఓక్లండ్‌లకూ అదే డబ్బు సమానంగా అందింది, అయినా వాటి జట్లు లేచిపోయాయి. టీవీ డబ్బు బతుకుతెరువు ఇచ్చింది. ఊరు వదలకుండా ఆపింది మాత్రం నిబంధనావళే.

మూడోది నా వాదనకే ఎదురు తిరిగే అభ్యంతరం. లొంబార్డీ కోచ్ పదవి వదిలాక 1968 నుంచి 1991 దాకా 24 సీజన్లలో ప్యాకర్స్ ప్లేఆఫ్‌కు చేరింది రెండేసార్లు, 1972లోనూ 1982లోనూ. ఆ కాలంలోనూ పగ్గాలు ఒకరికే ఇచ్చారు కదా? కోచ్‌గానూ జనరల్ మేనేజర్‌గానూ పూర్తి అధికారం ఉన్న డాన్ డివైన్, 1974లో వయసు మళ్లిన క్వార్టర్‌బ్యాక్ జాన్ హాడిల్ కోసం కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఐదు డ్రాఫ్ట్ అవకాశాలను ధారపోశాడు. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ తర్వాత ఊరి ఆరాధ్యుడు బార్ట్ స్టార్‌ను కోచ్‌గా తొమ్మిదేళ్లు ఉంచారు, ప్లేఆఫ్ చేరింది ఒక్కసారి. దీన్నిబట్టి తేలేది, పగ్గం ఇవ్వడం ఒక్కటే చాలదని. సరైన వ్యక్తిని వెతకాలి, ఫలితం రానప్పుడు పగ్గం వెనక్కి తీసుకోవాలి. సొంత డబ్బు పోయే యజమానికి కోపం త్వరగా వస్తుంది. స్టేడియం 1960 నుంచి ప్రతి ఆటకూ నిండుతూ, టీవీ డబ్బు తప్పకుండా వస్తుంటే జీతం లేని కమిటీకి తొందరేముంటుంది? ఉమ్మడి యాజమాన్యానికి ఇదే అసలు జబ్బు, దాచడంలో అర్థం లేదు.

మందు లోపలి నుంచే వచ్చింది. 1989లో అధ్యక్షుడైన బాబ్ హార్లన్, 1991 నవంబర్‌లో రాన్ వుల్ఫ్‌ను జనరల్ మేనేజర్‌గా తెచ్చి, ఆట వ్యవహారాల్లో కమిటీ వేలు పెట్టదని మాటిచ్చాడు. వుల్ఫ్ కొద్ది నెలల్లోనే మైక్ హోమ్‌గ్రెన్‌ను కోచ్‌గా నియమించాడు, అట్లాంటాలో బెంచీ మీద కూర్చున్న క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్‌ను మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశమిచ్చి తెచ్చాడు. 1996 సీజన్ సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్‌పై 35–21తో గెలిచారు. అసలు పరీక్ష 2008లో ఎదురైంది. రిటైరయ్యానని చెప్పి మనసు మార్చుకున్న ఫావ్‌ను జనరల్ మేనేజర్ టెడ్ థాంప్సన్ న్యూయార్క్ జెట్స్‌కు పంపేసి, మూడేళ్లుగా వేచి ఉన్న ఆరన్ రోజర్స్‌ను నిలబెట్టాడు. అభిమానుల్లో చాలామంది మండిపడ్డారు. వాళ్లలో షేరు ఉన్నవాళ్లూ ఉన్నారు. అయినా నిర్ణయం మారలేదు. 2010 సీజన్‌లో పిట్స్‌బర్గ్‌పై 31–25తో గెలిచినప్పుడు ఉత్తమ ఆటగాడు రోజర్సే.

ఇంకో విమర్శను తోసిపుచ్చడం కుదరదు. 2000లో స్టేడియం విస్తరణకు గ్రీన్ బే ఉన్న బ్రౌన్ కౌంటీ ప్రజలపై అర శాతం అమ్మకం పన్ను వేశారు. ఓటింగ్‌లో అనుకూలం 53 శాతమే. ఆటంటే పట్టని పేదవాడు కూడా 2015 దాకా ఆ పన్ను కట్టాడు. జనం జట్టు అన్న పేరు ఈ భారాన్ని న్యాయమైనదిగా మార్చేయదు. ఒక తేడా మాత్రం ఉంది. ఇతర ఊళ్లలో ఇలాంటి పన్నుతో పెరిగిన విలువ యజమాని కుటుంబానికి చేరుతుంది, ఇక్కడ సంస్థలోనే ఉండిపోతుంది. జట్టు ఏటా తన లెక్కలు బయటపెడుతుంది కాబట్టి అడిగే వీలూ ఉంది.

2025 జులైలో అధ్యక్షుడు మార్క్ మర్ఫీ, 70 ఏళ్లు నిండగానే తప్పుకోవాలన్న నిబంధన ప్రకారం దిగిపోయి ఎడ్ పాలసీకి బాధ్యత అప్పగించాడు. ఆ వయోపరిమితి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పగ్గం వెనక్కి తీసుకోవడాన్ని ఎవరి మొహమాటానికీ వదలకుండా నిబంధనల్లో రాసుకోవడమంటే అదే. అయితే కోచ్‌కు, జనరల్ మేనేజర్‌కు అలాంటి గడువు లేదు, అక్కడ ఇప్పటికీ ఒక మనిషి వివేకమే దిక్కు. 2010 తర్వాత 14వ కిరీటం రాలేదు. అది ఆలస్యమవుతున్న కొద్దీ ఈ సంస్థను తూచాల్సిన ప్రశ్న వాటాదారులు ఎన్ని లక్షలన్నది కాదు. నచ్చిన మనిషినైనా పనికిరాడని తేలినప్పుడు సాగనంపే ధైర్యం, పనికొచ్చేవాడిని ఊరంతా తిట్టినా నిలబెట్టే ధైర్యం, ఈ రెండూ అదే కమిటీకి ఉన్నాయా అన్నది. నిండు గ్యాలరీల మధ్య ఆ ప్రశ్న అడగగలిగిన తరాలకే ఇక్కడ కిరీటాలు దక్కాయి.