కన్నీరెండిన కన్నులు



కన్నులలో ఇసుక పోసినట్లు గరగరలాడుట, నోరు పిడచకట్టి మజ్జిగ లేనిదే ముద్ద దిగకుండుట, కీళ్లు నొచ్చుట: ఈ మూడును ఒకే వ్యాధి లక్షణములు కావచ్చునని వైద్యులు గ్రహించుటకు చాలకాలము పట్టినది. మన సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున శుష్కాక్షిపాకమను నేత్రరోగము కలదు. అదియు నిదియు నొకటియేయని సాహసించి చెప్పజాలను; అందు నోటి ప్రసక్తి లేదు.

1888లో లండను వైద్యుడు హాడెన్, నోట తడియు కంట నీరును లేని యొక వృద్ధురాలిని గూర్చి వ్రాసెను. ఆమెకు జబొరాండి ఆకు సారమిచ్చెను. ఆ యాకునుండి తీయు పైలోకార్పిను నేటికిని ఈ రోగమున వాడుచున్నారు. 1925లో పారిసున గూజెరో యను చర్మవైద్యుడును ఇట్టి శోషమును వర్ణించెను.

వీనినన్నిటిని ఒక్కచో కూర్చినవాడు స్వీడను నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్. 1933లో జర్మను భాషలో నొక పరిశోధనగ్రంథము సమర్పించెను. అందు 19 మంది స్త్రీల వృత్తాంతమున్నది. వారిలో 13 మందికి కీళ్లవాతము. ఇది కంటితో ముగియు రోగము కాదు, దేహమంతటిదని అతని వాదము. పరీక్షకులు దానికి తగిన శ్రేణి నీయలేదు. విశ్వవిద్యాలయమున బోధకపదవి దక్కలేదు. 1943లో ఆస్ట్రేలియా వైద్యుడు హామిల్టన్ దానిని ఆంగ్లమున కనువదించిన పిదపనే లోకమున కతని పేరు తెలిసెను. అనువాదకులు చేయు మేలు పండితులు తరచుగా మరతురు.

దేహమును కాపాడవలసిన తెల్లకణములే, కంచె చేను మేసినట్లు, కన్నీటి గ్రంథులను లాలాజల గ్రంథులను చెరచును. రోగులలో పదుగురికి తొమ్మండుగురు స్త్రీలు.

పెద్దలగు మీతో ఒక మాట. చావింట కంటతడి పెట్టని కోడలిని రాతిగుండెదని ఆడిపోసికొందురు. ఈ రోగము ముదిరినచో ఎంత యేడ్చినను కన్ను తడియదు. 1903లో షిర్మర్ యను వైద్యుడు చెప్పిన పరీక్ష సులభము: క్రిందిరెప్పకు కాగితపు పట్టీ తగిలింతురు; 5 నిమిషములలో అది 5 మిల్లీమీటర్లైనను తడియనిచో కన్నీరు కొరవడినట్లే. లాలాజలము లేనందున పండ్లును త్వరగా పుచ్చును.

సమూలముగ మాన్పు మందు లేదు. కంటిచుక్కలు, మాటిమాటికి నీరు, దంతవైద్యుని పర్యవేక్షణ ఉపశమనమిచ్చును. చెవిక్రింది గ్రంథి వాచి తగ్గకున్న ఆలసింపరాదు; కొలదిమందిలో అది లింఫోమా యను కాన్సరు కావచ్చును.