ఏం చదవాలో ఎవరు నిర్ణయించాలి? - వెబ్ ఫీడ్ల చరిత్ర

విద్యార్థులారా! మీకు నచ్చిన వెబ్‌సైట్లు ఇరవై ఉన్నాయనుకోండి. వాటిలో కొత్తగా ఏం వచ్చిందో తెలుసుకోవడానికి రోజూ ఇరవైనీ ఒక్కొక్కటిగా తెరిచి చూడాలా? 1990ల చివర్లో అంతర్జాలం వాడినవారి పరిస్థితి అదే. ఆ ఇబ్బందికి దొరికిన ఉపాయమే వెబ్ ఫీడ్. దాని చరిత్రను ఇప్పుడు తెలుసుకుందాం.

1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ ఆర్.ఎస్.ఎస్. అనే పద్ధతిని విడుదల చేసింది. దాని రూపకర్తల్లో ముఖ్యుడు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన రామనాథన్ వి. గుహ. కొద్దికాలానికే నెట్‌స్కేప్ ఆ పని వదిలేసినా, బయటివారు దాన్ని ముందుకు నడిపారు. 2000 డిసెంబరులో ఒక బృందం 1.0 రూపాన్ని తెచ్చింది. ఆ బృందంలో ఉన్న ఆరన్ స్వార్ట్జ్ వయసు అప్పటికి 14 ఏళ్ళే! వేరే దారిలో సాగిన డేవ్ వైనర్ 2002లో 2.0 రూపాన్ని వెలువరించాడు. ఈ భేదాల నడుమ మరికొందరు రూపొందించిన ఆటమ్ పద్ధతి 2005లో ప్రమాణంగా వెలువడింది.

ఇది ఎలా పనిచేస్తుంది? వెబ్‌సైట్ తన కొత్త రచనల పేర్లు, లింకులు, తేదీలు ఒక చిన్న ఫైలులో రాసి ఉంచుతుంది. అదే ఫీడ్. మీ కంప్యూటర్‌లోని ఫీడ్ రీడర్ అప్పుడప్పుడూ ఆ ఫైళ్ళను చూసి, కొత్తవాటిని ఒకేచోట పేర్చి పెడుతుంది. ఇందుకోసం మీరు ఆ వెబ్‌సైట్‌కు పేరుగానీ, ఈమెయిల్ చిరునామాగానీ ఇవ్వనక్కరలేదు. వద్దనుకుంటే ఆ ఫీడ్‌ను తీసేస్తే చాలు.

దీనివల్ల తెలుగువారికి కలిగిన మేలేమిటి? గుజరాత్‌లో సూరత్ నుంచి హజీరా వెళ్ళే దారిలో ఇచ్ఛాపూర్ ఉంది. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్ళిన నేత కుటుంబాలెన్నో సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. అలాంటి దూరప్రాంతంలోని పాఠకుడికి, ఎక్కడెక్కడో ఉన్న తెలుగు రచనలను వెతుక్కోవడం కష్టమే. 2000ల రెండో సగంలో కూడలి, జల్లెడ, తేనెగూడు వంటి వేదికలు తెలుగు బ్లాగుల ఫీడ్లను సేకరించి ఒకే పేజీలో చూపాయి. హైదరాబాదులో రాసినదీ, అమెరికాలో రాసినదీ పక్కపక్కనే కనిపించేవి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఇటీవలి మార్పులను ఫీడ్ ద్వారా గమనించవచ్చు.

2005లో వచ్చిన గూగుల్ రీడర్ ఎంతోమందికి ఫీడ్లను అలవాటు చేసింది. కానీ 2013 జులై 1న గూగుల్ దాన్ని మూసివేసింది. అప్పటికే చాలామంది ఫేస్‌బుక్, ట్విట్టర్‌ల వైపు మళ్ళారు. ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా గమనించండి. ఫీడ్ రీడర్‌లో ఏం రావాలో ఎంచుకునేది మీరే. సామాజిక మాధ్యమాల్లో మీ కంటికి ముందు ఏది పడాలో ఎక్కువగా ఆ సంస్థల లెక్కలే తేలుస్తాయి. మనల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టేదే ముందుకు వస్తుంది. అది మనకు అవసరమైనదే కానక్కరలేదు.

ఫీడ్లు అంతరించలేదు. మీరు వినే పాడ్‌కాస్ట్‌లు చాలావరకు ఆర్.ఎస్.ఎస్. మీదే నడుస్తున్నాయి. ఒక పని చేసి చూడండి. మీకు నచ్చిన ఐదు వెబ్‌సైట్ల ఫీడ్లను ఒక రీడర్‌లో చేర్చి, వారం రోజులు చదవండి. మీరు ఎంచుకున్నదానికీ, ఎవరో మీ ముందు పెట్టినదానికీ తేడా మీకే తెలుస్తుంది.