కాస్త వెలుగు వైపు తిరగండి

"నేను పోయినంక గోడకు పెట్టనీకి ఒక మంచి ఫోటో తియ్యి బిడ్డా" అంది మా పెద్దమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. పావుకిలో చక్కెర తెమ్మన్నంత తేలిగ్గా అంది.

పెద్దమ్మ ఉండేది బోధన్ శక్కర్‌నగర్‌లో. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయి, కాలవ నీళ్ళొచ్చి, చెరకు పెరిగి, 1937లో అక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. పెద్దబాపు అందులోనే పనిచేసి రిటైరయ్యాడు. 2015 చివర్లో అది మూతపడేనాటికి ఆయన లేడు. "సూడకుండ పోయిండు, మంచిదే అయింది" అంటుంది పెద్దమ్మ. దండ వేసిన ఆయన ఫోటో పక్కనే ఒక మేకు ఖాళీగా ఉంది. ఆ మేకు కోసమే ఈ ఫోటో.

ఆమెకు వేరే ఫోటోలు లేవా అంటే ఉన్నాయి. పెళ్ళి ఫోటోలో పెద్దబాపు దర్జాగా కనిపిస్తాడు, పక్కన పాపిట మాత్రం కనిపిస్తుంది. ఫోటో తీసేవాడు మూడుసార్లు "తలెత్తమ్మా" అని అరిచాడట. అంతమంది మగవాళ్ళ ముందు, అత్తగారి చూపుల కింద, పదహారేళ్ళ పిల్ల తలెలా ఎత్తుతుంది? ఆ తర్వాతవి ఓటరు కార్డు, ఆధార్ కార్డు. వాటి సంగతి మీకూ తెలిసిందే!

మావారు కొనిచ్చిన ఖరీదైన ఫోను నా చేతిలో ఉంది కదా అని ధీమాగా పెద్దమ్మను మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబెట్టి తీశాను. కళ్ళ కింద రెండు నల్లటి గుంటలు పడ్డాయి. ఇంట్లోకి తీసుకెళ్ళి ఫ్లాష్ వేసి తీశాను. అర్ధరాత్రి దొరికిపోయిన దొంగలా వచ్చింది. "ఓటరు కార్డుదే నయం" అనేసింది పెద్దమ్మ.

పౌరుషం వచ్చింది. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కదా, నిజామాబాదు ఇంటికి వచ్చి పాత పుస్తకాలు తిరగేశాను. అక్కడ దొరికాడు రాజా దీనదయాళ్.

1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేశాడాయన. (మన నిజామాబాదు పాత పేరు ఇందూరే గానీ, అది వేరు, ఇది వేరు.) ఉద్యోగం చేసుకుంటూనే ఫోటోగ్రఫీ నేర్చుకున్నాడు. అంటే ఆయనా ఒకప్పుడు మనలాగే కొత్తవాడే! తరవాత సికింద్రాబాదు చేరి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా బిరుదు అందుకున్నాడు. ఆయన గాజు పలకల నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

నన్ను ఆపేసింది మాత్రం ఆ బిరుదూ కాదు, ఆ లెక్కా కాదు. 1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల పనిచేసేదంతా స్త్రీలే. నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ. పరదా చాటున బతికే ఇల్లాళ్ళు అక్కడ ముసుగు తీసి, నిబ్బరంగా కెమెరా వైపు చూశారు. కలవారి ఇళ్ళ ఆడవాళ్ళకే దక్కిన భాగ్యమనుకోండి. మా పెద్దమ్మ తల్లికి జీవితం మొత్తంలో ఒక్క ఫోటో కూడా లేదు. అయినా ఆలోచించి చూడండి, దీనదయాళ్ అక్కడ మార్చింది కెమెరాను కాదు. ఎదురుగా ఎవరుంటే ఆడమనిషి తల దించుకుంటుందో వాళ్ళని బయటికి పంపాడు, అంతే!

ఇక వెలుగు సంగతి. ఆ కాలపు స్టూడియోలు ప్రధానంగా పగటి వెలుగు మీదే నడిచేవి. సూటిగా పడే ఎండ కాదు, పెద్ద పెద్ద అద్దాల గుండా మెత్తబడి వచ్చే వెలుగు. మనిషిని ఆ వెలుగుకి ఓరగా కూర్చోబెట్టేవారు. మన ఇళ్ళలో అలాంటి చోటు లేదా? ఉంది. వీధిగడపకి ఇవతల!

1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. పదివేల చుక్కల బొమ్మ, అదీ క్యాసెట్ టేపు మీదికెక్కడానికి 23 సెకన్లు. ఇప్పుడు నా ఫోనులో కోట్ల చుక్కలు, రెప్పపాటులో బొమ్మ. ఆ కోట్ల చుక్కలూ కలిసి పెద్దమ్మ కళ్ళ కింద గుంటల్ని మరింత స్పష్టంగా చూపించాయి తప్ప చేసిందేమీ లేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ బోధన్ బస్సెక్కాం. ఈసారి మావారినీ పిల్లల్నీ చెరకురసం తాగి రమ్మని తరిమేశాను. సాయంత్రం నాలుగున్నరకి పీట గడపకి ఇవతల వేసి, వెనకాల వేలాడుతున్న తువ్వాలు, ప్లాస్టిక్ బకెట్ తీసేశాను. ఫ్లాష్ ఆపేశాను. దూరం నుంచి బొమ్మని పెద్దది చేయడం మాని, నేనే రెండడుగులు దగ్గరికి జరిగాను. మోచేతులు ఒంటికి ఆనించి ఫోను పట్టుకుని, తెర మీద ఆమె కంటి దగ్గర వేలితో తాకాను. నవ్వమని మాత్రం అనలేదు.

"పెద్దమ్మా, ఫ్యాక్టరీ సైరన్ మోగితే ఏం చేసేదానివి?"

"ఏం జేస్త? పొయ్యి మీద సాయ్ ఎక్కిస్తుంటి. మీ పెద్దబాపు గేటు దాటి ఇల్లు చేరేసరికి మసలాలె..." అంటూ ఆమె వీధి వైపు చూసింది.

అప్పుడు నొక్కాను.

ఫోను చేతికిస్తే కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. వేలితో తెరని తడిమింది, బొమ్మ పెద్దదైంది.

"మా అమ్మ అచ్చం గిట్లనే ఉండె" అంది.

కాసేపాగి, "రెండు తీపియ్యి. ఒకటి ఇప్పుడే కావాలె నాకు" అంది.